రంగమునుండి తిరుగు ప్రయాణము

తెలుఁగువారి నౌకాయానమును గూర్చి వ్రాసినవారు పోకను వర్ణించినంతగా రాకను వర్ణింపలేదు. శాతవాహనుల నాణెములమీఁద రెండు కొయ్యల యోడ కలదు. 1244-45 నాఁటి మోటుపల్లి యభయశాసనమునఁ గాకతి గణపతిదేవుఁడు సముద్రవర్తకులకు నిచ్చిన మాట కలదు. శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిపతి యగు నవచి తిప్పయసెట్టి దీవులనుండి సరకులు తెప్పించిన ప్రశంస కలదు. ఈ సాక్ష్యములు ఓడను గూర్చియు, సరకును గూర్చియు, సుంకమును గూర్చియుఁ జెప్పును. ఓడ దిగి యింటికి నడచినవానిని గూర్చి మాటాడవు. అతఁ డొంటిగా వచ్చెనా, భార్యతో వచ్చెనా, వచ్చునప్పటికి నిల్లు నిలిచియుండెనా యను ప్రశ్నలు చరిత్రమునకుఁ జిన్నవిగాఁ దోఁచియుండును. కాని యొక తీరమున వేలకొలఁది కుటుంబముల బ్రదుకు ఈ ప్రశ్నలమీఁదనే యాధారపడియుండిన కాలము కలదు. విశాఖపట్టణప్రాంతపు రేవులకును బర్మాదేశపు రంగమునకును నడుమఁ బ్రయాణికుల యోడలు నడచిన కాల మట్టిది.

రంగ మనునది రంగూన్ నగరమునకుఁ దెలుఁగువారు పెట్టుకొన్న పేరు. 1755లో అలౌంగ్‌పయా యను రాజు దగోన్ అను నూరిని జయించి దానికి యాంగోన్ అని పేరిడెను. ఆంగ్లేయుల నోట నది రంగూన్ అయ్యెను. తెలుఁగు నోట మువర్ణాంతమై రంగ మయ్యెను. శ్రీరంగమును నాటకరంగమును నెఱిఁగిన చెవికి నీ పేరు పరాయిదిగాఁ దోఁపలేదు. ఉత్తరపు జిల్లాలలో నొకనిని గూర్చి "రంగము పోయినాఁడు" అనినఁ జాలును. కూలికిఁ బోయినాఁడనియు, సముద్రము దాఁటినాఁడనియు, భార్య యిక్కడనే యున్నదనియు మూఁడర్థములు వినువానికిఁ దెలిసెడివి.

ఈ మూఁడవ యర్థమే యిచట విచారింపఁదగినది. దంపతులనఁగా నెవరు? పాణినీయమున రాజదంతాదిగణమునందు జాయాపతీ, జంపతీ, దంపతీ యను మూఁడు రూపములు పఠింపఁబడినవి. జాయాశబ్దమునకే జం, దం అను రూపములు వచ్చినవని వైయాకరణసంప్రదాయము. అమరసింహుఁడును వీనిని బర్యాయములుగానే గ్రహించెను. కాని వేదభాషను బరిశీలించినవారు వేఱొక దారిఁ జూపిరి. దమ్ అనఁగా నిల్లు. దంపతి యనఁగా నింటికి నధిపతి. ఋగ్వేదమున నీ పదము ఏకవచనమున గృహస్వామి యను నర్థమునఁ గూడఁ గానవచ్చును. ద్వివచనమున నింటి కధిపతులగు నిరువురు, భార్యాభర్తలు. ఈ రెండవ వ్యుత్పత్తి ననుసరించినచో దంపతిశబ్దమున నిల్లు ముందు, మనుష్యులు వెనుక. ఇల్లు లేనిచో నిరువురు కలరు గాని దంపతులు లేరు. రంగము తిరుగు ప్రయాణముల చరిత్రము ఈ వ్యుత్పత్తికి వ్యాఖ్యానమువలె నున్నది.

మొదటఁ దీరపు తీరును గుర్తింపవలెను. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసినది. ఆర్థర్ కాటన్ కట్టించిన యా యానకట్టనుండి తీసిన కాలువలు పొలములకు నీటి నిచ్చుటయే కాక పడవలకు దారి యిచ్చినవి. గోదావరినుండి కాకినాడకు నొక కాలువ, గోదావరిని గృష్ణతోఁ గలుపు నేలూరు కాలువ, కృష్ణ దాఁటినపిదపఁ గొమ్మమూరు కాలువ, పెదగంజాము మొదలుగా మద్రాసుదాఁక బకింగుహాము కాలువ — ఇవి వరుసగాఁ గలిసినవి. కడపటిదానిలోఁ గొంతభాగము 1876-78 నాఁటి క్షామకాలమునఁ గూలిపనిగాఁ ద్రవ్వింపఁబడినది. కాకినాడలోఁ బడవ యెక్కినవారు సముద్రపుఁ గెరటమును దాఁకకయే మద్రాసు చేరఁగలిగిరి. పడవను గట్టుమీఁదనుండి త్రాటితో లాగుదురు. గాలి యనుకూలించినఁ జాప యెత్తుదురు. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. భార్యాభర్తలు బిడ్డలతోడను సామానుతోడను గూడి యింటికి మరలుట కట్టి దారి యనువైనది.

ఆ దారి కాకినాడకు నుత్తరమున లేదు. తూర్పుకనుమలు విశాఖపట్టణము దగ్గఱ సముద్రమునకు మిక్కిలి చేరువగా వచ్చినవి. శారద, గోస్తని, నాగావళి, వంశధార మొదలగు నేళ్లు కొండలనుండి దిగి కొలఁదిదూరము పాఱి కడలిలోఁ గలియును. వానిని గలుపు పడవకాలువ త్రవ్వఁబడలేదు. ఇనుపదారి 1890 తరువాతి దశకమునఁ గాని రాలేదు. కావున బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణముల ప్రాంతములవారికి జలమార్గ మనఁగా సముద్రమే. దక్షిణమునఁ గాలువ కుటుంబముల దారి కాఁగా, ఉత్తరమునఁ గడలి మగవాని యొంటిదారి యయ్యెను.

ఆ మగవానికిఁ బరదేశమున నొక పేరు కలిగినది, అది కోరంగి. గోదావరి ముఖమున, యానామునకుఁ జేరువ నున్న కోరంగి పూర్వ మోడలు కట్టు స్థలముగాఁ బ్రసిద్ధి కెక్కినది. 1789లోను 1839లోను వచ్చిన తుపానులలో సముద్రము దానిమీఁదికిఁ బొంగినది. తరువాత నా రేవు మరలఁ బూర్వపు స్థితికి రాలేదు. కాని రేవు పోయిన వెనుకను దాని పేరు సముద్రమునకు నావలియొడ్డున నిలిచినది. బర్మాలోఁ దెలుఁగువాఁడు ఏ యూరివాఁడైనను గోరంగియే. మొదట స్థలనామముగా నున్నది జాతినామమై, పిదపఁ దూలనాడు మాటగాఁ గూడ మాఱినది. బారువలో నోడ యెక్కి, కోరంగిని గన్నులఁ జూడనివానినిఁ గూడఁ గోరంగి యనిరి. ఇల్లు విడిచినవానికి నెవరో వేఱొక యూరిని నిల్లుగాఁ గల్పించిరన్నమాట.

ఇంతమంది యేల పోయిరి? 1826లో ముగిసిన మొదటి యుద్ధమువలన బర్మా తీరభాగములు కొన్ని, 1852 నాఁటి రెండవ యుద్ధమువలన రంగముతోఁ గూడిన దిగువబర్మా, 1885 నాఁటి మూఁడవ యుద్ధముపిదపఁ దక్కిన రాజ్యము ఆంగ్లేయుల వశమయ్యెను. 1869లో సూయజుకాలువ తెఱవఁబడుటతో బర్మా బియ్యమునకు నైరోపా దగ్గఱ యయ్యెను. ఐరావతీముఖమందలి యడవులు నఱకఁబడి వరిపొలము లయ్యెను. కోఁతకును, బియ్యపు మరలలోఁ బనికిని, ఓడలలో బస్తాలు మోయుటకును గూలివారు కావలసివచ్చిరి. నాఁటి గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల పల్లెలలో మేస్త్రీలు ముందుగా సొమ్మిచ్చి కూలివారిని గూర్చుకొనిరి. ఓడచీటి వెలయు నా బాకీలోనిదే. కూలివాఁడు గట్టు దిగకమునుపే ఋణస్థుఁ డయ్యెను. 1931 నాఁటి జనసంఖ్యలో బర్మాలోని భారతీయులు పదిలక్షలకుఁ బైగా నుండిరి. రంగనగరమున సగమునకు మించినవారు భారతీయులే. వారిలోఁ దెలుఁగువారి సంఖ్య గొప్పది; తెలుఁగువారిలో స్త్రీల సంఖ్య స్వల్పము.

ఇది మొదటి దశ. ఇందు నోడ కలదు, ఇల్లు కలదు. కాని భార్యాభర్తలు కలసి యోడలో లేరు. వరికోఁతలు ముగిసి, మరలలోఁ బని తగ్గినపిదప, ఇక్కడి వానలు పడకముందు, మరలివచ్చుట యాచారము. మూఁడు నాలుగు దినముల సముద్రయానము. ప్రయాణికుఁ డోడ పైతట్టుమీఁదఁ దన మూటప్రక్కనే పరుండెడివాఁడు. తీరము కనఁబడినది మొదలు ఓడ యొక్కొక్క రేవున నాఁగుచు వచ్చెడిది. గోపాలపురమునఁ గొందఱు, బారువలోఁ గొందఱు, కళింగపట్టణమునఁ గొందఱు, భీమునిపట్టణమునఁ గొందఱు దిగిరి.

దిగుట యనినంత సులభము గాదు. ఈ రేవులలో నోడ గట్టునకుఁ జేరఁజాలదు; దూరముగా లంగరు దించి నిలుచును. ప్రయాణికులను మసూలా పడవలలోనికి దింపి యొడ్డునకుఁ జేర్తురు. ఈ పడవ నిర్మాణము విశేషమైనది. దాని పలకలకు నినుపచీలలు లేవు; కొబ్బరిపీచు త్రాటితోఁ గుట్టుదురు. చీలలు కొట్టిన పడవ కెరటము దెబ్బకుఁ బగులును. కుట్టిన పడవ వంగి, మరలఁ దన యాకారమును బొందును. ఒకదానివెనుక నొకటిగా విఱుగు కెరటముల వరుసలు దాఁటునపుడు పడవవారు కెరటపు వెన్ను నెక్కి దానితోఁ గూడ నొడ్డునఁ బడుదురు. గాలి హెచ్చినప్పుడు పడవలు కదలవు. అప్పు డింటి తాటిచెట్లు కనఁబడుచుండఁగనే ప్రయాణికుఁ డోడమీఁద వేచియుండవలసినదే. సముద్రప్రయాణమంతటిలోను గడపటి యామడలో సగమే మిగుల దీర్ఘమైనది.

ఒడ్డుననున్న భార్య కథ యే లెక్కలోను జేరలేదు. ఓడల పట్టికలలో నెక్కినవారి సంఖ్యయు దిగినవారి సంఖ్యయుఁ గలవు; వేచినవారి సంఖ్య లేదు. పొలము దున్నించినది, మేస్త్రీ బాకీకి సమాధానము చెప్పినది, అత్తమామలను బోషించినది యామెయే. భర్త యింటనుండు కొలఁదినెలలు దాంపత్యకాలము. తక్కినది గృహమును గాచు కాలము. దంపతిశబ్దమున నిల్లు ముందని చెప్పఁబడినది గదా. ఆ యింటికి నిజమైన యధిపతి యా దశలో స్త్రీయే. భర్తకంటె ముందు బర్మా యింటికి వచ్చిన సందర్భములును గలవు. ఆ దేశపుఁ దేకుకొయ్య యోడలలో వచ్చి, కలిగినవారి యిండ్లకు ద్వారబంధములును దూలములును నయ్యెను. బర్మాతేకు అను మాట నేఁటికిని వడ్రంగుల నోటఁ గలదు.

వేఱొక విధమైన దంపతులును నుండిరి. ఏండ్లకొలఁది యక్కడ నిలిచినవారిలోఁ గొందఱు బర్మా స్త్రీలను వివాహమాడిరి. ఆ వివాహముల న్యాయస్థితిని గూర్చియు, వారి ధనమునకు వారసులను గూర్చియు బర్మాలో వివాదములు పెరిగి, 1939లో బౌద్ధస్త్రీల వివాహమును దాయమును గూర్చిన ప్రత్యేకశాసన మొకటి పుట్టినది. అట్టి దంపతులకు నింటికి మరలుట యను మాట యొకరికి మాత్రమే పొసఁగును. ఓడ భర్త కింటివైపు సాగినచో భార్యకుఁ బరదేశమువైపు సాగినట్లే. ఆమె రానిచో నింటికి వచ్చినవాఁడు సగము మనుష్యుఁడుగానే వచ్చెను.

1930లో నీ క్రమమునకు మొదటి దెబ్బ తగిలినది. ఆ సంవత్సరము మే నెలలో రంగపు రేవున నోడలకు సరకు మోయు తెలుఁగు కూలివారు పని మానిరి. వారి స్థానమున బర్మావారు నియమింపఁబడిరి. తగవు తీఱి తెలుఁగువారిని మరలఁ బిలువఁగా, పని పోయినవారికిని వచ్చినవారికిని ఘర్షణ పుట్టి 26వ తేదీనుండి నగరమంతట వ్యాపించెను. కూలివారిలో నెందఱో హతులైరి. పనిమాని దాఁగియున్న కుటుంబములు పెక్కు తిరుగు టోడలకై రేవునకుఁ బరుగెత్తినవి. తిరుగు ప్రయాణము పంటకాలము ననుసరింపక భయము ననుసరించుట యప్పుడు మొదలయ్యెను.

మూఁడేండ్ల పిదప విశాఖపట్టణమున గొప్ప మార్పు వచ్చినది. డాల్ఫిన్సునోసు అను కొండ చాటున నున్న యుప్పుటేఱును లోఁతుగాఁ ద్రవ్వి లోపలి రేవు నిర్మించిరి. ఇసుక యడ్డుపడకుండుటకై జేనస్, వెల్లెడ్సన్ అను రెండు పాతయోడలను ముఖద్వారముకడ ముంచి కట్టగాఁ జేసిరి. 1933 అక్టోబరు 7వ తేదీని సింధియా సంఘమువారి ప్రయాణికుల యోడ జలదుర్గ యీ రేవునఁ బ్రవేశించెను. డిసెంబరు 19వ తేదీని రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగాఁ దెఱచెను. అంతటినుండి ప్రయాణికుఁడు మసూలా పడవ నెక్క నక్కఱలేక యోడనుండి నేరుగా గట్టుమీఁద నడుగుపెట్టఁగలిగెను. స్త్రీలును, పసిబిడ్డలును, వృద్ధులును బ్రయాణము చేయుటకు దారి సుగమ మయ్యెను. దంపతులు కలసి పోయిరాఁదగిన రేవు సిద్ధమైన కొలఁదికాలమునకే యా దారి మూయఁబడుట చరిత్రవైపరీత్యము.

1937 ఏప్రిలు 1వ తేదీని బర్మా భారతదేశమునుండి వేఱుచేయఁబడెను. 1941లో నుభయప్రభుత్వములకు నడుమ జరిగిన యొడంబడిక వలసను మిక్కిలి నిర్బంధించినది. ఆ సంవత్సరము డిసెంబరు 23వ తేదీని జపాను విమానములు రంగముమీఁద బాంబులు వైచినవి. 1942 మార్చి 8వ తేదీకి నగరము వారి వశమయ్యెను. ఓడలు కొన్ని, చీటీ కొనఁగలవారును బలుకుబడి గలవారును వానిలోఁ జోటు సంపాదించిరి. తక్కినవారికిఁ గాళ్లే యాధారము. నాలుగైదు లక్షలమంది యారకాను కనుమలగుండఁ జిట్టగాంగుదిక్కునకును, తాము గుండ మణిపురమునకును, ఇంకను నుత్తరపు టడవులగుండ నస్సామునకును నడచిరి. ఆఁకలియు, విషూచియు, చలిజ్వరమును వేలకొలఁదిమందిని దారిలోఁ గూల్చినవి. ఏప్రిలు 6వ తేదీని విశాఖపట్టణముమీఁదను గాకినాడమీఁదను గూడ బాంబులు పడినవి. సముద్రమార్గము రెండుకొనలను దెగినది.

ఇది రెండవ దశ. ఇందు భార్యాభర్తలు కలసియే యుండిరి. ఊర నిల్లును గలదు. ఓడ మాత్రము లేదు. మూఁడు నాలుగు దినముల దారి నెలల దారి యయ్యెను. బయలుదేఱిన యిరువురిలో నొక్కరే యిల్లు చేరిన సంసారము లెన్నో.

యుద్ధానంతరమునఁ గొందఱు మరల బర్మాకుఁ బోయిరి. పోనివారు, అక్కడనే దాఁగి బ్రదికినవారు నుండిరి. 1948 జనవరి 4వ తేదీని బర్మా స్వతంత్ర మయ్యెను. పౌరసత్వమునకై యర్జీ పెట్టుకొనవలసిన కాలమునఁ బెక్కుమంది పెట్టుకొనలేదు. కొందఱికిఁ దెలియలేదు, కొందఱికిఁ గాగితములు లేవు. 1962 మార్చి 2వ తేదీని నేవిన్ సేనాని ప్రభుత్వమును జేఁబట్టెను. 1963-64 సంవత్సరములలో వర్తకశాలలు ప్రభుత్వపరమయ్యెను. 1964 మే 17వ తేదీని ఏఁబది, నూఱు చాట్ల నోట్లు చెల్లవని ప్రకటింపఁబడెను. ఒక్కదినమునఁ జిన్నవర్తకుని జీవితకాలపుఁ గూడఁబెట్టు కాగితమై పోయెను. బంగారమును రొక్కమును వెంటఁ గొనిపోవుటకుఁ గఠిననిర్బంధము లుండెను. లక్షకుఁ బైబడి భారతీయులు దేశము విడిచిరి. ప్రభుత్వ మేర్పఱచిన యోడలు మద్రాసునకును విశాఖపట్టణమునకును వారిని దెచ్చినవి.

ఇది మూఁడవ దశ. ఇప్పుడు భార్యాభర్త లిరువురును, బిడ్డలతోఁ గూడ, నొక్క యోడలో వచ్చిరి. ఓడ గట్టునకుఁ జేరినది. కాని దిగినవారిలోఁ బెక్కురకుఁ బోవుట కిల్లు లేదు. వారి తండ్రులో తాతలో విడిచిన పల్లెలో భూమి జ్ఞాతుల యనుభవమున నుండెను. కొందఱికిఁ బల్లె పేరు మాత్రమే తెలియును. విశాఖపట్టణమునఁ గంచరపాలెము ప్రాంతమున వారికి నివాస మేర్పడినచోటికి బర్మాక్యాంపు అను పేరు నేఁటికిని నిలిచియున్నది. కోరంగి పేరు సముద్రము దాఁటి యావలి యొడ్డునకుఁ బోయినట్లే బర్మా పేరు సముద్రము దాఁటి యీవలి యొడ్డునకు వచ్చినది. అక్కడఁ గోరంగి యనిపించుకొన్న మనుష్యుఁడే యిక్కడ బర్మావాఁ డనిపించుకొనెను.

ప్రభుత్వపత్రములు వారిని స్వదేశప్రత్యాగతు లనినవి. శబ్దార్థమును విచారించువారి కిక్కడ సందేహము కలుగకపోదు. ప్రతి, ఆ యను నుపసర్గలతోఁ గూడిన గమధాతువునకు మరల వచ్చుట యర్థము. మరల వచ్చుటకు ముందు పోయియుండవలెను. బర్మాలోఁ బుట్టి, అక్కడనే వివాహమాడి, ఓడ యెక్కిన దినమువఱకు నీ తీరమును జూడని యిరువురు దంపతులు విశాఖరేవున దిగినప్పుడు వారు చేసినది ఆగమనమే కాని ప్రత్యాగమనము కాదు. వారి పక్షమున నిల్లు విడిచి వచ్చుటయే జరిగినది. పత్రములలో నా యుపసర్గ యుండుటచేత నింటికిఁ జేర్చితి మను తృప్తి రాజ్యమునకుఁ గలిగినది. వచ్చినవారి దుఃఖము మాత్ర మా మాటలోఁ బట్టలేదు.

ఇట్లు మూఁడు దశలను గలిపి చూచినచో నోడ, ఇల్లు, ఇరువురు మనుష్యులు అను మూఁడును నొక్కమాఱు కూడివచ్చిన కాల మీ తీరచరిత్రమున మిక్కిలి యరుదని తేలుచున్నది. మొదట నింటికడ నొకరు, ఓడలో నొకరు. నడుమ నిరువురును గాలినడకను. కడపట నిరువురు నోడలో, ఇల్లు గతములో. వలసచరిత్రమును గూలిరేట్లతోడను జనసంఖ్యతోడను మాత్రమే వ్రాయువారికి నీ భేదము కనఁబడదు. వారి లెక్కలో 1925లో దిగిన యొక కూలివాఁడును 1965లో దిగిన యొక గృహస్థుఁడును నొక్కటే యంకె.

ఈ చరిత్రమునకు వలయు సాక్ష్యములు శాసనములలో లేవు. అవి బారువనుండి భీమునిపట్టణముదాఁక నున్న పల్లెలలోఁ బాత పెట్టెల యడుగున, ఓడచీటీలలో, మనియార్డరు ముక్కలలో, తేకుద్వారబంధముల మీఁదఁ జెక్కిన పేళ్లలో, వృద్ధస్త్రీలు వాడు బర్మామాటలలోఁ గలవు. 1964 నాఁటి యోడలలోఁ బసిబిడ్డలుగా వచ్చినవారే నేఁడు ముదుసళ్లు. పల్లె బడులలోఁ జదువు చెప్పు పండితులు తమ విద్యార్థులచేత నింటింటి వృత్తాంతమును వ్రాయించినచో నీ పని కొంత నెఱవేఱును. అడుగవలసిన ప్రశ్నలు మూఁడే: ఎవరితో వచ్చిరి, ఏ దారిని వచ్చిరి, వచ్చునప్పటి కిల్లు కలదా.